పొగ లేకుండా తెరిచిన పెట్టె

తుపాను ఎక్కడో మద్రాసు దగ్గర తీరం దాటుతుంది. ముసురు మాత్రం వచ్చి మా పెనుకొండ మీద కూర్చుంటుంది. గట్టిగా కురిసి వెళ్ళిపోయే వానైతే రెండు కుంటలైనా నిండుతాయి. ఇది కురవదు, వదలదు. పొద్దున లేచి చూస్తే కొండ ఉండదు. రొద్దం బస్సు పట్టపగలు లైట్లు వేసుకుని పోతుంది. దండెం మీద బట్టలు ఆరకుండానే ముక్కిపోతాయి. ముసురును చూసి ముచ్చటపడే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాళ్ళకు పెంచుకునే ప్రాణులేవీ ఉండవు కాబట్టి ఆ ముచ్చట.

నాకు తేనెటీగలు ఉన్నాయి. మా శనక్కాయ చేను గట్టు మీద, కానుగ చెట్టు కింద, రాళ్ళ మీద మూడు పెట్టెలు. ఆ గట్టుకు ఇవతల చేను, అవతల మా బావ మల్బరీ తోట, తోటకు ఈ మూలనే, మాట వినిపించేంత దూరంలో, ఆయన పట్టుపురుగుల షెడ్డు. బావ అంటే నా భర్తకు అన్న. మా మామ పోయాక భూమి భాగాలు కాలేదు. కాలేదు అనడం కంటే బావ కానివ్వలేదు అనడం నిజం. పట్టాలన్నీ ఆయన బీరువాలో ఉన్నాయి. ఏ చేలో ఏం వేయాలో, ఏ చెట్టు కొట్టాలో, బోరు నీళ్ళు ముందు ఎటు పారాలో ఆయన చెబుతాడు. నా భర్త హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ, సెలవు దొరికినప్పుడు వచ్చి, అన్న చెప్పిన దానికి తల ఊపి వెళ్తాడు.

అందుకే నేను ఈగలను తెచ్చుకున్నాను. హిందూపురంలో కొన్ని రోజులు శిక్షణ ఇచ్చారు, వెళ్ళి నేర్చుకున్నాను. తేనెటీగలకు పాస్‌బుక్కు అక్కర్లేదు. ఎవరి చేలోనైనా మేసి వస్తాయి, సర్వే నంబరు అడగవు. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఆ మూడు పెట్టెలు తప్ప ఇంకేమీ లేవు. అవి గట్టు మీద ఉన్నన్నాళ్ళు ఆ గట్టు మీద కాలు పెట్టడానికి నాకు ఒక కారణం ఉంటుంది. ఈ సంగతి బావకు నాకంటే ముందే అర్థమైంది. పెట్టెలు దించిన రోజు నుంచే ఆయనకు అవి కంట్లో నలుసు.

ఇక్కడ మా ఇళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. భర్త అన్నతో తమ్ముడి భార్య ఎదురుపడి మాట్లాడదు. ఆయనా ఆమెతో మాట్లాడడు. ఇద్దరి మధ్యా ఎవరో ఒకరు ఉండాలి. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఈ పద్ధతి ఎప్పుడో పోయింది, బావలూ మరదళ్ళూ ఒకే వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు పెట్టుకుంటున్నారు. మా బావ మాత్రం దాన్ని పదిలంగా కాపాడుకున్నాడు. పేరుకు మర్యాద. అసలు సంగతి, ఎదురు మాట రాని చోటు నుంచి ఆజ్ఞ ఇవ్వడంలో ఉన్న సుఖం. ఆయన చెప్పదలచుకున్నది షెడ్డు ముందున్న చింతచెట్టు వైపు చూస్తూ భార్యతో చెబుతాడు. నేను అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటాను. ఆమె నా వైపు తిరిగి అదే మాట మళ్ళీ చెబుతుంది. నేను జవాబు ఆమెకు చెబుతాను. అప్పటికి ఆయన వెళ్ళిపోయి ఉంటాడు.

ఆమెను నేను అక్కా అంటాను. తోడికోడలు. అక్కా అన్నంత మాత్రాన అక్క కాదు. ఆమెకూ నాకూ పడదు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నా కూరలో ఉప్పు ఎక్కువ, నా మాటలో కారం ఎక్కువ. ఆమె లోకమంతా ఆ షెడ్డే. పురుగులు ఉన్నన్ని రోజులు అక్కడే తింటుంది, అక్కడే కునుకు తీస్తుంది. నన్ను ఒక్కరోజు కూడా లోపలికి రానివ్వలేదు. బయటివాళ్ళ కాలి దుమ్ముతో పురుగుకు రోగం వస్తుందట. నేను బయటిదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. రోజులు గడిచేకొద్దీ నాకు గుబులు పెరిగింది. చినుకు పడుతుంటే ఈగ బయటికి రాదు. బయటికి రాకపోతే లోపల దాచుకున్న తేనె తింటుంది. అది అయిపోతే చస్తుంది. లెక్క అంతే, అందులో దాపరికం లేదు. నేను గొడుగు పట్టుకుని గట్టు మీదికి పోయి ఒక్కో పెట్టెనూ వెనక నుంచి రవ్వంత ఎత్తి చూశాను. తేనె ఉన్న పెట్టె నేలను పట్టుకుని ఉంటుంది. ఈ మూడూ చెయ్యి వేస్తే లేచి వచ్చాయి. ఒకదానికి చెవి ఆనించి, చెక్క మీద వేలితో తట్టాను. ఏ చప్పుడూ లేదు. రెండోదీ అంతే. మూడోదాంట్లో మాత్రం సన్నగా, కోపంగా, గుంయ్‌మని ఒక మోత వచ్చి ఆగిపోయింది.

చక్కెర పాకం లోపల పెట్టాలి. అంటే పెట్టె తెరవాలి. ముసురులో పెట్టె తెరవకూడదని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. చలిగాలి తగిలితే పిల్లలు చస్తాయి, ఈగలన్నీ ఇంట్లోనే ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి మీద పడతాయి, విసిగితే గూడే వదిలి లేచిపోతాయి. తెరిస్తే ఈ తంటా, తెరవకపోతే ఆకలి చావు. అడకత్తెరలో పోకచెక్క బతుకు. కనీసం పొగ ఉంటే సగం పని సులువు. కొబ్బరి పీచు, ఎండు వేపాకు వేసి డబ్బా ముట్టించి నాలుగు పొగలు వదిలితే ఈగ మెత్తబడుతుంది. నేను డబ్బా ముట్టించాను. పీచు చెమ్మకు రాజుకోక బుసబుసమని తెల్లటి పొగ లేచింది.

షెడ్డు తలుపు దగ్గర బావ కనిపించాడు. వెనకే అక్క.

"పొగ ఆర్పమని చెప్పు ఆయమ్మకు," అన్నాడు చింతచెట్టుతో.

"పొగ ఆర్పల్లంట," అంది అక్క నాతో. "పురుగు నాలుగో జ్వరం లేచి మేస్తాండాది. ఇప్పుడు పొగ తగిలితే మేత ముట్టదు."

పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది, దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక ఆకలి పెరిగి ఆకు మీద పడి మేస్తుంది, తర్వాత గూడు కడుతుంది. అప్పుడు దానికి పొగ, మందు, ఘాటు వాసన ఏదీ గిట్టదు. ఆ రోజుల్లో అక్క తన పొయ్యి మీద మిరపకాయ తిరగమోత కూడా వేయదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినందుకే ఇంకా మండింది.

"గాలి రొద్దం దిక్కుకు కొడతాండాది కదక్కా. మీ షెడ్డు ఈ పక్కనుండాది. పొగ ఎట్లొస్తాది?"

"ముసురులో గాలికి దిక్కు ఉంటాదా అని అడుగు," అన్నాడు బావ.

"ముసురులో గాలికి దిక్కు..." అక్క మొదలుపెట్టింది.

"వినిపించిందిలేక్కా," అని అడ్డుపడ్డాను.

"నా ఈగలు చస్తాండాయి," అన్నాను. "ఆకలికి."

"ఈగలు సస్తే ఈగలే. పురుగులు సస్తే ఇల్లు సస్తాది. చెప్పు," అన్నాడు బావ.

అక్క ఈసారి ఆ మాట అప్పగించలేదు. ముక్కు చీదుకుని లోపలికి పోయింది. ఆమె చెప్పకపోయినా ఆ మాట నా చెవిలోనే ఉంది, ఇప్పటికీ ఉంది. ఇల్లంటే ఆయన లెక్కలో షెడ్డూ, తోటా, ఆయనా. నేనూ నా ఈగలూ గట్టు మీది గడ్డి.

నేను డబ్బాలో నీళ్ళు పోశాను. ఆర్పమన్నందుకు కాదు. ఆ క్షణాన పురుగుకు ఏమైనా అయితే ఊళ్ళో ప్రతి నోరూ నా పేరే పలుకుతుందని. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ముసురు చేసిన నష్టమంతా నా పొగ మీద పడుతుంది.

పొగ లేకుండా తెరిచాను. ముఖానికి దోమతెర గుడ్డ చుట్టుకుని, పాత గోనెసంచి తల మీద కప్పుకుని, మొదటి పెట్టె మూత లేపాను. లోపల ఈగలు మైనపు గదుల్లోకి తలలు దూర్చి, తోకలు మాత్రం బయటికి కనిపిస్తూ వరసగా చచ్చి ఉన్నాయి. ఆకలితో చచ్చే ఈగ అట్లాగే చస్తుంది. గది అడుగున ఇంకా ఏమైనా ఉందేమోనని నాకుతూ నాకుతూ అక్కడే ఆగిపోతుంది. రెండో పెట్టెలోనూ అదే. నేను ఆ గట్టు మీద నిలబడి ఏడ్చాను. ఏడుపుకంటే తిట్లు ఎక్కువ వచ్చాయి. మద్రాసును తిట్టాను, తుపానును తిట్టాను, బావను ఆయన పుట్టుక దాకా తిట్టాను, మొగుణ్ణి పేరు పెట్టి తిట్టాను. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి బాగా తిట్టాను.

మూడో పెట్టె బతికి ఉంది. మూత లేపీ లేపకముందే లేచాయి. ఇది నాకు తెలిసిన నా ఈగల కోపం కాదు. ఎండ రోజు ఒకటి రెండు వచ్చి బెదిరించి పోతాయి. ఇవి చలికి, ఆకలికి, నాకు, లోకానికి కలిపి ఒకేసారి కుట్టాయి. మణికట్టు మీద, గుడ్డ సందులో నుంచి కనుబొమ్మ మీద, గోనె కింద నుంచి మెడ మీద. ఒకటి కుట్టిన చోట వాసన వదులుతుంది, ఆ వాసన పట్టుకుని పదొస్తాయి. తడి గుడ్డ ఒకటి పైన పరిచి, ఒక పక్క మాత్రం తెరిచి, మైనపు అట్ట కట్టిన చివరి ఫ్రేమును లేపి చూశాను. గుప్పెడు పిల్లలు. వాటి మీద పరుగులు పెడుతున్న రాణి. సన్నగా, పొడుగ్గా, భయపడిపోయి. ఆ ఒక్కదాన్ని చూశాక ఇక కుట్లు లెక్కపెట్టలేదు. ఈగలు మునిగిపోకుండా పాకం గిన్నెలో పుల్లలు వేసి లోపల పెట్టి మూత వేశాను.

అంతలో వెనక ఒక కేక. బావ నేనేం చేస్తున్నానో చూడడానికి గట్టు దాకా వచ్చి ఉన్నాడు. ఒక ఈగ ఆయన చెవి తమ్మె మీద కుట్టింది. పురుగుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఒక్క ఈగకు తల మీది తువ్వాలు పారేసి మల్బరీ సాళ్ళలో పడి పరిగెత్తాడు. అన్ని కుట్లూ తిన్న నేను ఆ ముసురులో నిలబడి నవ్వాను. ఆ నవ్వు ఆయనకు కనిపించింది.

సాయంత్రానికి ఆయన చెవి వడియం వేగినట్టు ఉబ్బింది. అక్క మా వాకిట్లోకి వచ్చి, గడప దాటకుండానే చెప్పింది.

"ముసురు విడిచిన్నాడే పెట్టెలు గట్టు మీద ఉండగూడదంట. ఉంటే ఆయనే తీసేస్తాడంట."

"యాడ పెట్టుకోవల్లంట?"

"అది చెప్పలేదు. నేను అడగలేదు." వెనక్కి తిరుగుతూ, "నీ పక్క ఒగ మాట, ఆయన పక్క ఒగ మాట. మోసేదానికి నేనేమన్నా గాడిదనా?" అని వెళ్ళిపోయింది. ఆ మాట నా మీద విసురు అనుకున్నాను. అప్పుడు నాకు అన్నీ నా మీద విసుర్లే.

భర్తకు ఫోన్ చేశాను. వెనకాల మిషన్ల చప్పుడు. అంతా విని, "అన్నకు ఎదురుపోవద్దు. పెట్టెలు మా ఫ్రెండు వాళ్ళ తోటలో పెట్టిస్తాలే, లేపాక్షి దగ్గర," అన్నాడు. లేపాక్షి దగ్గర పెట్టిన పెట్టె నాది ఎట్లా అవుతుందో అడిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. షిఫ్టుకు టైమైందని పెట్టేశాడు.

తర్వాత రోజుల్లో నేను సందె చీకటి పడే ముందు పోయి, మూత సందులో నుంచి పాకం పోసి వచ్చేదాన్ని. చచ్చిన రెండు పెట్టెలను ఖాళీ చేసి కడిగాను. బతికిన దాంట్లో మోత పెరిగింది. ముసురు ఇంకా పోలేదు. బావ షెడ్డులో పురుగు పండింది. పండిన పురుగు పచ్చగా, అద్దంలాగా మెరుస్తుంది, మేత ఆపి గూడుకు చోటు వెతుక్కుంటుంది. దాన్ని ఏరి చంద్రికల మీద వేస్తారు, అవి గూడు అల్లుకోవడానికి చేసిన తడికల్లాంటివి. గూళ్ళు కట్టే రోజుల్లో గాలి ఆడాలని షెడ్డు తలుపులు తెరిచి పెడతారు, లేకుంటే చెమ్మకు గూళ్ళు నాసిగా వస్తాయి. ఆ గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోతాయి, దారమై ధర్మవరం పోతాయి, చీరై ఎవరి పెళ్ళికో పోతాయి. కట్టుకునే వాళ్ళకు ఆ షెడ్డు ముక్క వాసన తెలీదు.

ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఎండ కాసింది. కొండ కనిపించింది. నేను గబగబా గట్టు మీదికి పోయాను. పెట్టె ఖాళీ. నా చక్కెర పాకమంతా తాగి, బలం పట్టి, రాణిని తీసుకుని లేచిపోయాయి. శిక్షణలో చెప్పినట్టే. నాలుగు పిల్లలను మైనపు అట్టలో వదిలేసి, మూత కింద ఒక్క ఈగ కూడా లేకుండా. ఇంతమందితో పోట్లాడింది వీటి కోసమా అనిపించింది. బావ ఇప్పుడు వచ్చి రాళ్ళు తీసేసినా నేను చెప్పగలిగింది ఏమీ లేదు. కానుగ చెట్టు కింద కూలబడ్డాను.

అప్పుడు అక్క వచ్చింది. తోటలో నుంచి అడ్డంగా, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని.

"మ్మే, నీ ఈగలు మా షెడ్డులో ఉండాయి. లేయ్."

ఖాళీ పెట్టె ఎత్తుకుని ఆమె వెనకే పోయాను. షెడ్డుకు ముందు చిన్న గది ఉంటుంది, ఆకు దించుకునేది. దాని దూలానికి గుమ్మడికాయంత ముద్దగా వేలాడుతున్నాయి. లోపలి తలుపు తెరిచే ఉంది, అవతల చంద్రికల మీద పురుగులు తల అటూ ఇటూ తిప్పుతూ దారం అల్లుకుంటున్నాయి. బావ వీపు మీద మందు కొట్టే డబ్బా తగిలించుకుని నిలబడి ఉన్నాడు. అక్క పోయి ఆ గొట్టం పట్టుకుంది.

"ఆ మందు ఈడ కొడితే ఒగ పురుగు గూడు కట్టదు. నా చేత్తో ఏరి వేసినా అన్నీ."

"కాగడా పెడతా."

"పెట్టు. పొగ లోపలికి పోదా?"

ఆయన దూలం వైపు చూశాడు, చంద్రికల వైపు చూశాడు. ఉబ్బు తగ్గిన చెవిని తడుముకున్నాడు. "దించమని చెప్పు ఆయమ్మకు," అన్నాడు గోడతో.

అక్క చెప్పలేదు. వాకిట్లో ఉన్న బ్లీచింగ్ నీళ్ళ తొట్టి చూపించింది. నేను కాళ్ళు ముంచి, చేతులు కడుక్కుని, ఆ షెడ్డులో మొదటిసారి అడుగుపెట్టాను.

స్టూలు మీద నిలబడ్డాను. మంచి నీళ్ళు గుప్పిట్లో తీసుకుని ముద్ద మీద చిలకరించాను. రెక్క తడిస్తే ఈగ ఎగరడానికి జంకుతుంది. అక్క కింద నుంచి పెట్టె ఎత్తి పట్టుకుంది. ఉత్త చేతులతో ముద్దలోకి వేళ్ళు పోనిచ్చి, పిండి తీసినట్టు తీసి పెట్టెలో వేశాను. లోపల వెచ్చగా, గరగరలాడుతూ ఉంది. కుట్టాయి. గోటి మొదట్లో కుట్టినప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బావ వాకిట్లో నిలబడి చూస్తున్నాడు, ఆయన ముందు అబ్బా అనడం కంటే నాలుక కొరుక్కోవడం నయం. ఒకటి అక్క మోచేతి మీద కుట్టింది. పెట్టె కదిలింది కానీ దించలేదు.

"పట్టి పీకొద్దక్కా, గోటితో గీకెయ్," అన్నాను.

"పని చూడు," అంది.

రాణి ఎక్కడుందో నాకు కనిపించలేదు. నాలుగైదు గుప్పిళ్ళు వేశాక పెట్టె అంచున కొన్ని ఈగలు తోకలు పైకెత్తి రెక్కలు విసరడం మొదలుపెట్టాయి. అమ్మ లోపల ఉంది, రండి అని పిలవడం అది. దూలం మీద మిగిలినవి వరస కట్టి దిగడం మొదలైంది. నాకు అంత సంతోషం పెళ్ళిలో కూడా కలగలేదు, ఇది అబద్ధం కాదు. చివరిది దిగే దాకా ఇద్దరం అట్లాగే ఉన్నాం. లోపల ఒక్క చంద్రిక కదలలేదు.

మూత వేసి, పెట్టెను నడుముకు ఎత్తుకుని బయటికి వచ్చాను. బావ పక్కనుంచే నడిచి గట్టు ఎక్కాను. మళ్ళీ మబ్బు పట్టింది, సన్నగా చినుకు మొదలైంది. కానుగ కింద ఆ రాళ్ళు అట్లాగే ఉన్నాయి.

"ఆడ పెట్టొద్దని చెప్పు," అన్నాడు బావ.

అక్క షెడ్డు మెట్టు మీద కూర్చుని మోచేతి మీద ముల్లును గోటితో గీకుతోంది. తల ఎత్తలేదు.

"చెప్పమంటాండా నిన్నే."

"నీకు నోరుండాది," అంది అక్క. "ఆయమ్మ ఈడే ఉండాది. నువ్వే చెప్పుకో."

నేను ఆగాను. పెట్టె చేతుల్లోనే ఉంది. ఆయన నా వైపు తిరిగాడు, ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి ఆయన కళ్ళు సూటిగా నా ముఖం మీద పడ్డాయి. గొంతు సవరించుకున్నాడు. పెదవులు కదిలాయి. తర్వాత చింతచెట్టు వైపు చూశాడు, మందు డబ్బా పట్టీ సర్దుకున్నాడు. చినుకు పెద్దదైంది. నేను పెట్టెను రాళ్ళ మీద పెట్టి, దాని వాకిలి తూర్పుకు తిప్పి, ఆయన ఏమైనా అంటాడేమోనని తడుస్తూ అక్కడే నిలబడి ఉన్నాను.